పీస్ కోర్‌కు 65 ఏళ్లు: ఎలా పుట్టింది, మన దేశంలో ఏం చేసింది, ఇప్పుడు ఎవరు చేరొచ్చు

2021 మార్చి 1న అమెరికా ప్రభుత్వ వాలంటీర్ల సంస్థ పీస్ కోర్ తన 60వ వార్షికోత్సవం జరుపుకుంది. శుభాకాంక్షలు వచ్చాయి, ఆన్‌లైన్ మీటింగులు జరిగాయి. కానీ ఆ రోజు విదేశాల్లో పనిచేస్తున్న పీస్ కోర్ వాలంటీరు ఒక్కరు కూడా లేరు. అంతకు ఏడాది ముందు కరోనా వల్ల అందరినీ వెనక్కి పిలిపించేశారు. ఇంటికొచ్చిన వాళ్లలో చాలామందికి చేతిలో ఉద్యోగం లేదు. ఊళ్లో వాళ్లకు సరిగ్గా ఖుదా హాఫిజ్ చెప్పే టైం కూడా దొరకలేదు.

2026 మార్చి 1 నాటికి ఈ సంస్థకు 65 ఏళ్లు నిండాయి. ఈసారి ఆ తేదీ రంజాన్ నెలలో వచ్చింది. మొదటి 60 ఏళ్లలో 140కి పైగా దేశాల్లో, మొత్తం 2 లక్షల 40 వేల మందికి పైగా ఇందులో పనిచేశారు. ఆ దేశాల్లో ముస్లిం దేశాలు చాలా ఉన్నాయి. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. కొత్త తరానికి ఈ సంగతి పెద్దగా తెలియదు. అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు కాలేజీ అయ్యాక "పీస్ కోర్‌కి అప్లై చేస్తాం" అంటే అది సైన్యమా, మిషనరీ పనా, జీతం వచ్చే ఉద్యోగమా అన్న అనుమానం ఇక్కడి పెద్దవాళ్లకు రావడం సహజం. పేరులో 'కోర్' అంటే దళం అని ఉంది కాబట్టి తికమక మరీ ఎక్కువ. ఈ మూడింటిలో ఇది ఏదీ కాదు.

రాత్రి రెండు గంటలకు మొదలైన కథ

1960 అక్టోబర్ 14 తెల్లవారుజాము. అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న జాన్ ఎఫ్. కెనడీ, నిక్సన్‌తో మూడో టీవీ చర్చ ముగించుకుని మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌కు వచ్చారు. విమానం ఆలస్యమైంది. మిషిగన్ యూనివర్సిటీకి చేరేసరికి రాత్రి రెండు దాటింది. వేల మంది విద్యార్థులు అప్పటిదాకా ఎదురుచూస్తూ ఉన్నారు. స్టూడెంట్ యూనియన్ భవనం మెట్ల మీద నిలబడి ఆయన రెండు మూడు నిమిషాలే మాట్లాడారు. డాక్టర్లు కాబోయేవాళ్లు మీలో ఎంతమంది ఘనాలో పనిచేయడానికి సిద్ధంగా ఉన్నారు, ఇంజనీర్లు ఎంతమంది విదేశాల్లో సేవ చేస్తారు అని అడిగారు. ముందుగా రాసుకున్న ప్రసంగం కాదు అది. ఆయన పడుకోవడానికి వెళ్లిపోయారు. విద్యార్థులు మాత్రం సంతకాల సేకరణ మొదలుపెట్టారు. నవంబర్ 2న శాన్‌ఫ్రాన్సిస్కో సభలో కెనడీ దీన్ని ఎన్నికల హామీగానే ప్రకటించారు.

ప్రత్యర్థులు ఊరుకోలేదు. సైన్యంలో తప్పనిసరిగా చేరాల్సిన కుర్రాళ్లు తప్పించుకోవడానికి ఇదొక దారి అవుతుందని నిక్సన్ విమర్శించారు. నిజానికి వాలంటీర్లకు దొరికింది వాయిదానే, మినహాయింపు కాదు. వియత్నాం యుద్ధం ముదిరాక పీస్ కోర్ నుంచి తిరిగొచ్చి సైన్యం పిలుపు అందుకున్న వాళ్లు ఉన్నారు.

అధ్యక్ష పదవి చేపట్టిన ఆరు వారాల్లోపే, 1961 మార్చి 1న, కెనడీ అధ్యక్ష ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. అందుకే ఏటా ఈ తేదీన వార్షికోత్సవం చేస్తారు. చట్టం సెప్టెంబర్ 22న వచ్చింది. మొదటి డైరెక్టర్‌గా తన బావ సార్జెంట్ శ్రైవర్‌ను పెట్టుకున్నారు. బంధుప్రీతి అనే మాట అప్పుడూ వినపడింది. అయితే ఆ సంస్థకు రూపం తెచ్చింది శ్రైవరే అని తర్వాత విమర్శకులు కూడా ఒప్పుకున్నారు. చట్టం రాకముందే వాలంటీర్లను విమానం ఎక్కించేశారాయన.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. ఈ ఆలోచన అమెరికా సొంతం కాదు. బ్రిటన్‌లో వీఎస్‌వో అనే స్వచ్ఛంద సంస్థ 1958లోనే యువకులను విదేశాలకు పంపడం మొదలుపెట్టింది. అమెరికాలోనూ సెనేటర్ హ్యూబర్ట్ హంఫ్రీ ఇలాంటి ప్రతిపాదన ముందే తెచ్చారు. కెనడీ చేసిందల్లా దానికి ప్రభుత్వ ఖజానా జత చేయడం.

ఘనాలో పాట, నైజీరియాలో పోస్ట్‌కార్డు

1961 ఆగస్టు 30న మొదటి బృందం ఘనా రాజధాని అక్రాలో దిగింది. 51 మంది, టీచర్లు. ఎయిర్‌పోర్టులోనే వరసగా నిలబడి అక్కడి ట్వీ భాషలో పాట పాడారు. స్వాగతానికి వచ్చినవాళ్లు ఆశ్చర్యపోయారు. అప్పటిదాకా తెల్లవాళ్లు వచ్చి తమ భాషలో ఆజ్ఞాపించడమే తప్ప వీళ్ల భాష నేర్చుకుని రావడం అరుదు. స్థానిక భాష నేర్చుకోకుండా ఎవరూ పనిలోకి వెళ్లకూడదన్న నియమం ఈ సంస్థకు మొదటి నుంచీ ఉంది. అది ఇప్పటికీ మారలేదు.

రెండు నెలలు కూడా కాకముందే ఎదురుదెబ్బ తగిలింది. నైజీరియాలోని ఇబాదాన్ యూనివర్సిటీ కాలేజీలో శిక్షణలో ఉన్న ఒక యువతి తన స్నేహితుడికి పోస్ట్‌కార్డు రాసింది. అక్కడి మురికి, జనం వీధుల్లోనే వండుకోవడం, అమ్ముకోవడం గురించి ఉన్నది ఉన్నట్టు, కాస్త ఎక్కువగానే రాసేసింది. కార్డు పోస్టులో పడకముందే జారిపోయి ఒక నైజీరియా విద్యార్థి చేతికి చిక్కింది. కాపీలు తీసి హాస్టళ్లలో పంచారు. విద్యార్థులు నిరసన సభ పెట్టి, వీళ్లందరినీ వెనక్కి పంపాలని తీర్మానం చేశారు. ఆ యువతి క్షమాపణ చెప్పుకుని దేశం వదిలింది. మిగతా వాలంటీర్లు కొన్నాళ్లు మెస్సులో ఎవరూ పక్కన కూర్చోక ఒంటరిగా గడిపి, మెల్లగా మళ్లీ కలిసిపోయారు. ఇప్పటి కాలంలో ఒక వాట్సాప్ స్టేటస్ తెచ్చే గొడవ ఆ రోజుల్లో ఒక పోస్ట్‌కార్డు తెచ్చిందన్నమాట. సాయం చేయడానికి వచ్చినవాడు తమ పేదరికాన్ని ఇంటికి ఉత్తరం రాస్తుంటే ఏ ఊరివాళ్లకైనా కడుపు మండుతుంది.

లెక్క ఎలా నడుస్తుంది

సేవా కాలం మొత్తం 27 నెలలు. అందులో మొదటి మూడు నెలలు శిక్షణ: భాష, ఆచారాలు, ఆరోగ్య జాగ్రత్తలు, చేయబోయే పని. ఈ కాలంలో సాధారణంగా స్థానిక కుటుంబంతోనే ఉంటారు. తర్వాత రెండేళ్లు ఒక ఊళ్లో పని. చదువు, ఆరోగ్యం, వ్యవసాయం, పర్యావరణం, యువజన కార్యక్రమాలు, చిన్న వ్యాపారాలకు తోడ్పాటు ప్రధాన రంగాలు.

జీతం ఉండదు. ఆ ఊళ్లో మామూలు మనిషి బతికే స్థాయిలో నెలవారీ భత్యం ఇస్తారు. కారు, బంగళా లాంటివి ఉండవు. విమాన చార్జీలు, వైద్య ఖర్చులు సంస్థవే. రెండేళ్లూ పూర్తి చేసి వచ్చినవాళ్లకు మళ్లీ జీవితంలో కుదురుకోవడానికని 10 వేల డాలర్లకు పైగా ఒకేసారి ఇస్తారు. తిరిగొచ్చినవాళ్లకు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల నియామకాల్లో ఒక ఏడాది పాటు వెసులుబాటు ఉంటుంది. కొన్ని యూనివర్సిటీల్లో పీజీ ఫీజు రాయితీ దొరుకుతుంది. సేవ అనేది నిజమే, కెరీర్ లెక్కలు వేసుకుని వెళ్లేవాళ్లు ఉన్నారన్నదీ నిజమే. అందులో తప్పేమీ లేదు.

సంస్థ బడ్జెట్ 2021లో సుమారు 41 కోట్ల డాలర్లు. మనకు పెద్ద మొత్తంలా కనిపిస్తుంది గానీ, అమెరికా రక్షణ బడ్జెట్ పక్కన పెడితే చిల్లర కిందే లెక్క. వాలంటీర్ల సంఖ్య అత్యధికంగా ఉన్నది 1966లో, 15 వేల పైచిలుకు. మళ్లీ ఎన్నడూ ఆ స్థాయికి వెళ్లలేదు.

ఆఫీసు సిబ్బందికి కూడా ఒక విచిత్రమైన నిబంధన ఉంది. కొన్ని మినహాయింపులు తప్పిస్తే ఎవరూ ఐదేళ్లకు మించి పనిచేయకూడదు. కుర్చీకి అతుక్కుపోయే అధికారులు తయారు కాకూడదని 1965లో పెట్టారు. అనుభవం వచ్చేలోపే మనిషి వెళ్లిపోతాడన్న ఫిర్యాదు కూడా దాంతోపాటే వచ్చింది.

ముస్లిం దేశాల్లో

పాకిస్తాన్‌కు 1961లోనే వెళ్లారు. ఇరాన్, అఫ్ఘానిస్తాన్‌లకు 1962లో, మొరాకో, సెనెగల్, ఇండోనేషియాలకు 1963లో వాలంటీర్లు చేరుకున్నారు. ఇండోనేషియాకు మొదట పంపింది ఆటల కోచ్‌లను. రాజకీయాలు వేడెక్కడంతో 1965లో వాళ్లు వచ్చేశారు. మళ్లీ అడుగుపెట్టింది 2010లో. ఇప్పుడు అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లోనే కాక మదర్సాల్లో కూడా ఇంగ్లిష్ టీచర్లకు తోడుగా పనిచేస్తున్నారు.

మొరాకోలో పని ఎక్కువగా 'దార్ షబాబ్'లలో జరుగుతుంది. ఉర్దూ తెలిసిన ఇళ్లలో షబాబ్ అంటే విడమరచి చెప్పక్కర్లేదు. యువజన కేంద్రాలవి. ఇంగ్లిష్ క్లాసులు, నాటకాలు, ఆటలు, పిల్లల క్యాంపులు అన్నీ అక్కడే. వాలంటీర్లు దారిజా అనే స్థానిక అరబీ నేర్చుకుంటారు. రంజాన్‌లో ఆశ్రయమిచ్చిన కుటుంబంతో పాటు రోజా ఉండే ముస్లిమేతర వాలంటీర్లూ ఉన్నారు. మత ప్రచారం చేయడం నిబంధనల ప్రకారం నిషిద్ధం. ఇది మన కుటుంబాలు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

అఫ్ఘానిస్తాన్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1962లో కాబూల్‌కు మొదట వెళ్లింది తొమ్మిది మందే. ఆ దశాబ్దం చివరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి నిర్మూలన కార్యక్రమం అక్కడ జోరందుకుంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, టీకాలు వేసేవాళ్లంతా మగవాళ్లు. పల్లెల్లో పర్దా పాటించే ఆడవాళ్లు పరాయి మగవాడి ముందు చేయి చాపరు. ఇంట్లో సగం మందికి టీకా పడకపోతే ఊరు మొత్తానికి వేసినా లాభం లేదు. అప్పుడు పీస్ కోర్ నుంచి యువతులను తీసుకున్నారు. వాళ్లు ఫార్సీ నేర్చుకుని, అఫ్ఘాన్ సహోద్యోగులతో కలిసి, రోడ్డు లేని చోట్లకు నడిచి వెళ్లి, జనానాలోకి అడుగుపెట్టి తల్లులకు, పసిపిల్లలకు టీకాలు వేశారు. కొన్ని ఇళ్లలో తలుపు తీయలేదు, కొన్ని ఇళ్లలో టీ ఇచ్చి కూర్చోబెట్టారు. ప్రపంచంలో సహజంగా సోకిన చివరి మశూచి కేసు 1977లో సోమాలియాలో నమోదైంది. 1980లో ఆ రోగం పూర్తిగా పోయినట్టు ప్రకటించారు. ఆ విజయంలో ఈ యువతుల వాటా చిన్నదే కావచ్చు, కానీ మగ ఉద్యోగుల వల్ల కాని పని అది. ఆచారాన్ని తిట్టి కాదు, ఆచారానికి తగ్గ మనిషిని పంపి పని జరిపించారు. 1979లో కాబూల్‌లో అమెరికా రాయబారి హత్య తర్వాత అక్కడి కార్యక్రమం మూతపడింది.

మన దేశంలో

1961లో శ్రైవర్ ఢిల్లీ వచ్చి నెహ్రూను కలిశారు. ఈ దేశంలో అమెరికా యువకులు నేర్చుకునేది చాలా ఉంటుందన్న అర్థంలో నెహ్రూ మాట్లాడారు. నేర్పేది అనలేదు, నేర్చుకునేది అన్నారు. ఎక్కువ మందిని కాకుండా కొద్దిమందితో మొదలుపెట్టమన్నారు. ఆ డిసెంబర్‌లో 26 మంది పంజాబ్‌కు వచ్చారు. అలా మొదలై 1976 దాకా నాలుగు వేల మందికి పైగా వాలంటీర్లు భారతదేశంలో పనిచేశారు.

ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినవాళ్లకు తెలుగు నేర్పించి పంపారు. 1960ల్లో వాళ్ల ముఖ్యమైన పనుల్లో ఒకటి కోళ్ల పెంపకం. పెరట్లో నాలుగు నాటుకోళ్లు వదిలేసి గుడ్డు దొరికితే ఏరుకునే రోజులవి. షెడ్డు ఎలా వేయాలి, మేత ఎలా కలపాలి, టీకా ఎప్పుడు వేయాలి, గుడ్లు సంతకు ఎలా చేర్చాలి అన్నవి రైతులతో కలిసి చేసి చూపించారు. ఈనాటి హైదరాబాద్ చుట్టుపక్కల కోళ్ల పరిశ్రమ వీళ్ల వల్లే వచ్చిందని అనలేం. 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన బి.వి. రావు లాంటివాళ్లు దాని అసలు నిర్మాతలు. వీళ్లది అంతకు ముందరి అధ్యాయంలో ఒక పేజీ.

మన దేశంలో పనిచేసిన వాలంటీర్లలో అందరికీ తెలిసిన పేరు లిలియన్ కార్టర్. జార్జియా రాష్ట్రానికి చెందిన నర్సు, వితంతువు. వయసు అడ్డు కాదన్న టీవీ ప్రకటన చూసి దరఖాస్తు చేశారు. 1966లో, 68 ఏళ్ల వయసులో, బొంబాయి శివారు విఖ్రోలీలోని గోద్రెజ్ కాలనీకి వచ్చారు. మొదట కుటుంబ నియంత్రణ ప్రచారం, తర్వాత అక్కడి క్లినిక్‌లో కార్మికుల కుటుంబాలకు సేవ. ఆమె పుట్టినరోజు ఆగస్టు 15. 70వ పుట్టినరోజు ఇక్కడే గడిచింది. ఆమె కొడుకు జిమ్మీ కార్టర్ 1977 జనవరిలో అమెరికా అధ్యక్షుడయ్యారు. మరుసటి నెలలోనే మన రాష్ట్రపతి ఫఖ్రుద్దీన్ అలీ అహ్మద్ కన్నుమూశారు. హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుసేన్ తర్వాత రాష్ట్రపతి భవన్‌లో కూర్చున్న రెండో ముస్లిం ఆయన. అంత్యక్రియలకు అమెరికా తరఫున ప్రతినిధి బృందాన్ని ఎవరి నాయకత్వంలో పంపాలన్నప్పుడు కార్టర్ తన తల్లిని పంపారు. ఆ వయసులో అంత దూరం ప్రయాణం చేసి వచ్చిన ఆమె, విఖ్రోలీకి కూడా వెళ్లి పాత పరిచయస్తులను పలకరించారు.

ఆమె హర్యానాలోని ఒక పల్లెలో పనిచేశారని, అందుకే ఆ ఊరికి కార్టర్‌పురి అని పేరొచ్చిందని తరచూ రాస్తుంటారు. 1978 జనవరిలో జిమ్మీ కార్టర్ ఆ ఊరికి వెళ్లిన మాట, పేరు మారిన మాట నిజం. ఆమె వాలంటీరుగా పనిచేసింది మాత్రం విఖ్రోలీలో.

1971 యుద్ధంలో నిక్సన్ ప్రభుత్వం పాకిస్తాన్ వైపు మొగ్గడంతో రెండు దేశాల సంబంధాలు చెడ్డాయి. వాలంటీర్ల సంఖ్య తగ్గుతూ వచ్చి 1976తో కార్యక్రమం ఆగిపోయింది. మళ్లీ మొదలవలేదు.

గూఢచారులన్న అనుమానం

ఇది పీస్ కోర్ పుట్టినప్పటి నుంచీ ఉంది. మన దేశంలోనూ ఉండేది. పల్లెలో ఒంటరిగా ఉంటూ అందరి యోగక్షేమాలు అడిగే విదేశీయుడి మీద అనుమానం రావడం వింత కాదు. అందుకే సీఐఏలో ఒకసారి పనిచేసినవాళ్లు జీవితాంతం వాలంటీరు కాలేరన్న నియమం పెట్టారు. ఇతర గూఢచార విభాగాల్లో పనిచేసినవాళ్లకూ ఆంక్షలున్నాయి. అనుమానం పూర్తిగా పోయిందా అంటే పోలేదు. ఒక దేశంలో బాంబులు వేస్తూ పక్క దేశంలో పాఠాలు చెబితే జనం రెండూ కలిపే చూస్తారు. వియత్నాం కాలంలో ఈ ప్రశ్నను వాలంటీర్లే తమ ప్రభుత్వాన్ని అడిగారు.

పండగ ఏడాదిలో బయటపడ్డ నిజాలు

2011లో 50 ఏళ్ల ఉత్సవాలు ఘనంగా జరిగాయి. ఆ ఏడాది మొదట్లోనే ఒక అమెరికా టీవీ చానల్ పరిశోధనాత్మక కథనం ప్రసారం చేసింది. 2009లో పశ్చిమ ఆఫ్రికా దేశం బెనిన్‌లో కేట్ ప్యూజీ అనే యువ వాలంటీరు హత్యకు గురయ్యారు. అక్కడి బడిలో బాలికలను వేధిస్తున్నాడని ఒక ఉద్యోగి మీద ఆమె రహస్యంగా ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదు బయటికి పొక్కిందని, సంస్థ తమ బిడ్డను కాపాడలేకపోయిందని కుటుంబం చెప్పింది. దాంతో ఎన్నో ఏళ్లుగా నోరు విప్పని మాజీ వాలంటీర్లు ముందుకొచ్చారు. లైంగిక దాడికి గురైనప్పుడు సంస్థ తమనే తప్పుపట్టిందని కాంగ్రెస్ ముందు చెప్పారు. ఆ నవంబర్‌లో ప్యూజీ పేరు మీదే చట్టం వచ్చింది. ఫిర్యాదుదారు పేరు గోప్యంగా ఉంచడం, బాధితులకు తోడుగా నిలిచే ప్రత్యేక అధికారి, సిబ్బందికి శిక్షణ దీంతో తప్పనిసరి అయ్యాయి. స్వర్ణోత్సవం చేసుకుంటున్న సంస్థకు ఇది ఇబ్బంది కలిగించిన మాట నిజమే. ఉత్సవం పాడవుతుందని బాధితులు ఆగి ఉంటే ఆ చట్టం వచ్చేది కాదు.

2020 మార్చి 15న మరో దెబ్బ. దాదాపు 60 దేశాల నుంచి సుమారు 7 వేల మందిని ఒకేసారి వెనక్కి రమ్మన్నారు. సంస్థ చరిత్రలో అందరినీ రప్పించడం అదే మొదటిసారి. కొందరు 2021లో అమెరికాలోనే టీకా కేంద్రాల్లో పనిచేశారు. రెండేళ్ల తర్వాత, 2022 మార్చిలో, జాంబియా, డొమినికన్ రిపబ్లిక్‌లతో విదేశీ సేవ మళ్లీ మొదలైంది.

ఎవరు చేరొచ్చు

అమెరికా పౌరసత్వం, 18 ఏళ్లు నిండటం. ఈ రెండూ తప్పనిసరి. గ్రీన్ కార్డు చాలదు, హెచ్1 వీసా అసలే పనికిరాదు. పై వయోపరిమితి లేదు. దంపతులు కలిసి దరఖాస్తు చేయొచ్చు, కానీ పిల్లలను వెంట తీసుకెళ్లడం కుదరదు. మతంతో సంబంధం లేదు. ముస్లిం దేశానికి వెళ్లాలనుకునేవాళ్లు దరఖాస్తులోనే ఇష్టం తెలపొచ్చు.

హైదరాబాద్, గుంటూరు, కడపల్లో ఉన్న మన పిల్లలకు ఈ దారి లేదు. వాళ్లకు దగ్గరగా ఉన్నది ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం. 1970 డిసెంబర్‌లో సర్వసభ్య సభ తీర్మానంతో పుట్టింది, ప్రధాన కార్యాలయం జర్మనీలోని బాన్‌లో ఉంది. భారతీయులు నేరుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. ఇంట్లోనే కూర్చుని అనువాదం, డిజైన్ లాంటి పనులు చేసే ఆన్‌లైన్ వాలంటీర్ల విభాగం కూడా ఉంది. బయటికెళ్లి పనిచేయడం కుదరని ఆడపిల్లలకు అది తేలిక. పైగా 2026ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వాలంటీర్ల సంవత్సరంగా ప్రకటించింది.

రెండింటిలోనూ దరఖాస్తుకు ఒక్క రూపాయి ఫీజు లేదు. ప్రాసెసింగ్ చార్జీ, వీసా డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు అంటూ ఏ ఏజెంటు డబ్బు అడిగినా అది మోసమే.

ఇక కూతురిని పంపాలా వద్దా అని ఆలోచించే అమెరికాలోని తల్లిదండ్రులకు ఒక సౌకర్యం ఉంది. 2011 చట్టం ప్రకారం, ఎంపికైన అభ్యర్థికి తాను వెళ్లబోయే దేశంలో వాలంటీర్ల మీద జరిగిన నేరాలు, అక్కడి ప్రమాదాల సమాచారం ముందుగానే ఇవ్వాలి. ఒప్పుకునే ముందు ఆ కాగితం అడిగి తీసుకుని, ఇంట్లో అందరూ కూర్చుని చదువుకోవచ్చు.